సామాను దిగే రోజు: అపార్ట్‌మెంట్ సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

హైదరాబాద్ నగరంలోని అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కార్యవర్గ సభ్యులకు,



మీ సెల్లార్‌లోనో, లిఫ్ట్ పక్కనో ఉండే నోటీసు బోర్డు మీద 'షిఫ్టింగ్ నిబంధనలు' అని ఒక కాగితం అంటించి ఉంటుంది. భవనం ఏదైనా ఆ కాగితంలో రాత దాదాపు ఒకటే. ఆదివారాలు, పండగ రోజుల్లో సామాను దించకూడదు. ఉదయం పదికి ముందు, సాయంత్రం ఐదు దాటాక కుదరదు. పెద్ద బండి గేటు లోపలికి రాకూడదు. లిఫ్ట్ వాడుకున్నందుకు ఇంత కట్టాలి. సంఘం అనుమతి కాగితం చూపించనిదే వాచ్‌మన్ గేటు తీయడు. ఉన్న వాక్యాల్లో చాలావరకు 'రాదు, కూడదు, కుదరదు' అనే ముగుస్తాయి. కొత్తగా వచ్చే కుటుంబానికి ఆ రోజు సంఘం ఏం చేసిపెడుతుందో చెప్పే వాక్యం మాత్రం ఒక్కటీ కనిపించదు.

ఈ నగరంలో అద్దె ఇళ్లు మారుతూ బతుకుతున్నవాడిగా ఆ ఒక్క వాక్యం కోసం ఈ లేఖ రాస్తున్నాను. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలోని పట్టణ కుటుంబాల్లో నాలుగో వంతుకు పైగా అద్దె ఇళ్లలో ఉన్నాయి. మీ భవనంలో ఎవరో ఒకరు దిగుతూనే ఉంటారు, ఎవరో ఒకరు వెళ్లిపోతూనే ఉంటారు. ఆ పని త్వరగా, దేనికీ దెబ్బ తగలకుండా, ఎవరి నిద్రా చెడకుండా ముగియాలని మీరూ కోరుకుంటారు, మేమూ కోరుకుంటాం. చిక్కేమిటంటే ఇప్పుడున్న నిబంధనల్లో చాలావరకు ఆ పనిని సాగదీసేవే, దాని ఖర్చు పెంచేవే.

ముందు మీ వైపు మాట. సంఘం బాధ్యత జీతం లేని కొలువు. మోటరు కాలిందని, ట్యాంకర్ రాలేదని, పై ఫ్లాట్ బాత్‌రూము కారుతోందని వచ్చే ఫోన్లన్నీ మీకే. ఎవరో బీరువా ఈడ్చుకెళితే కారిడార్ టైల్స్ మీద చారలు పడ్డాయి. ఇంకెవరో లిఫ్ట్ తలుపుకు ఇటుకరాయి అడ్డం పెట్టి గంటసేపు ఆపేశారు. రాత్రి పదకొండుకు మంచాలు బిగిస్తుంటే ఆ సుత్తి దెబ్బలకు కింది ఫ్లాట్‌లోని పెద్దాయనకు కంటిమీద కునుకు లేదు. మూడు నెలల మెయింటెనెన్స్ ఎగ్గొట్టి తెల్లారేలోగా ఖాళీ చేసి పోయినవాళ్లూ ఉన్నారు. మీ నిబంధనల్లో ప్రతిదాని వెనకా ఇలాంటి కథ ఒకటి ఉంటుందని తెలుసు. అయితే ఆ ఒక్కరి మీద కోపంతో రాసుకున్న నిబంధన, ఆ తర్వాత వచ్చిన ప్రతి కుటుంబానికీ శిక్షగా మిగిలిపోతోంది.

ఆదివారం సంగతే చూడండి. బడులు జూన్‌లో తెరుస్తారు కాబట్టి పిల్లలున్నవాళ్లు మే నెల ఎండల్లోనే ఇల్లు మారాలని చూస్తారు. అది దాటితే ఆషాఢం వస్తుంది, కొత్త ఇంట్లో పాలు పొంగించరు. భాద్రపదం, పుష్యం కూడా చాలా ఇళ్లలో శూన్యమాసాలే. మధ్యలో మూఢం వస్తే ఆ వారాలూ పోయినట్టే. మంగళవారం వద్దనేవాళ్లు కొందరు, శుక్రవారం ఇంట్లోంచి సామాను బయటికి పంపకూడదనేవాళ్లు కొందరు. ఈ పట్టింపులేవీ లేనివాళ్లనైనా నెలాఖరు వదలదు. 30న పాత ఇల్లు ఖాళీ చేయాలి, 1న కొత్త ఇంటి అద్దె మొదలవుతుంది, నాలుగు రోజులు అటూ ఇటూ అయితే రెండు ఇళ్ల అద్దె మీద పడుతుంది. పంచాంగం కొన్ని రోజులు తీసేసుకుని, ఇంటి ఓనర్ కొన్ని తీసేసుకుని, ఉద్యోగం మిగతావి తీసేసుకున్నాక చేతిలో మిగిలేది ఆదివారం. దాన్ని మీ నోటీసు తీసేసుకుంటోంది.

పెద్ద కంపెనీ ఉద్యోగికి ఒక రోజు సెలవు పెద్ద విషయం కాకపోవచ్చు. మీ ఫ్లాట్లలో ప్రైవేటు బడి టీచర్లున్నారు, ఆసుపత్రి నర్సులున్నారు, బట్టల షోరూములో నిలబడి పనిచేసే పిల్లలున్నారు. వీళ్లకు సెలవంటే జీతంలో కోత. ఆదివారం ప్రశాంతంగా ఉండాలన్న మీ కోరికలో తప్పు లేదు. కానీ నిద్ర చెడగొట్టేది సామాను మోయడం కాదు, డ్రిల్లింగ్ మిషన్, సుత్తి. ఈ రెంటినీ వేరుచేసి చూడండి. సామాను దించుకోవడానికి ఆదివారం పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట వరకు అనుమతి ఇవ్వండి. రోజుకు ఒక్క కుటుంబానికే, ముందుగా రిజిస్టర్‌లో పేరు రాయించుకున్నవారికే ఇవ్వండి. గోడలకు మేకులు కొట్టడం, కర్టెన్ రాడ్లు బిగించడం, ఏసీకి కన్నాలు వేయడం లాంటివి మామూలు రోజుల్లో పగటిపూటే చేసుకోవాలని చెప్పండి. దీన్ని ఎవరూ కాదనరు.

ఉదయం పదికి ముందు వద్దనడం కూడా ఇలాంటిదే. నగరంలో రద్దీ వేళల్లో సరుకు బండ్లకు ట్రాఫిక్ ఆంక్షలుంటాయి. అందుకే డ్రైవర్లు తెల్లవారుజామున బయల్దేరి రద్దీ మొదలయ్యేలోపు చేరిపోవాలని చూస్తారు. ఏడింటికే వచ్చిన బండి పది దాకా మీ గేటు బయట ఆగిందంటే సగం రోడ్డు మూసుకుపోతుంది, వెయిటింగ్ చార్జీ పెరుగుతుంది, హమాలీలు మే నెల ఎండ నడినెత్తికి ఎక్కే వేళకు పని మొదలుపెడతారు. ఇందులో మీకు గానీ మాకు గానీ ఒరిగిందేమిటి?

ఇక లిఫ్ట్. బరువులు మోస్తే లిఫ్ట్ పాడైపోతుందన్న భయం మీ కాగితంలో నాలుగైదు చోట్ల కనిపిస్తుంది. లిఫ్ట్ లోపల రేకు మీద దాని శక్తి ఎంతో రాసే ఉంటుంది. ఆరుగురి లిఫ్ట్ అయితే 408 కిలోలు, ఎనిమిది మందిది అయితే 544 కిలోలు. మనిషికి 68 కిలోల చొప్పున కట్టిన లెక్క అది. లోపలి బట్టలన్నీ తీసేసిన ఇనప బీరువా ఒకటి, దానితో ఇద్దరు మనుషులు ఎక్కినా ఆరుగురి లిఫ్ట్‌కు ఇంకా బరువు మిగిలే ఉంటుంది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ అయితే చెప్పనే అక్కర్లేదు. సామాను వల్ల లిఫ్ట్ పాడైందంటే సాధారణంగా కారణాలు వేరే ఉంటాయి. తలుపు మూసుకోకుండా రాయో చెక్కో అడ్డం పెడతారు. మంచం కోళ్లు, టేబుల్ మూలలు లోపలి రేకుకు గీసుకుంటాయి. సామాను తగిలి తలుపు పట్టాలోంచి పక్కకు జరుగుతుంది.

ఈ మూడింటికీ మందు ఉంది, ఖరీదైనదేమీ కాదు. లిఫ్ట్ మూడు గోడలకూ ఆనేలా పాత దుప్పట్లు, ప్లైవుడ్ ముక్కలు సంఘమే ఒక జత చేయించి సెల్లార్‌లో ఉంచాలి. సామాను ఎక్కించినంతసేపూ తలుపు బటన్ నొక్కి పట్టుకోవడానికి ఒక మనిషిని పెట్టుకోవాలని అద్దెదారుకు చెప్పాలి. కొన్ని లిఫ్ట్‌లలో తాళంతో నడిచే అటెండెంట్ మోడ్ ఉంటుంది. అది పెడితే లోపల ఉన్న మనిషి చెప్పినట్టే లిఫ్ట్ నడుస్తుంది, ఏ అంతస్తులో ఎవరు బటన్ నొక్కినా సామానుతో అక్కడికి పోదు. మీ లిఫ్ట్‌లో ఉందో లేదో నెలనెలా వచ్చే మెకానిక్‌ను అడిగితే చూపిస్తాడు.

లిఫ్ట్ వాడుకున్నందుకు చార్జీ తీసుకునే పద్ధతిని ఒక్కసారి ఆలోచించండి. చార్జీ కట్టినవాడు, డబ్బు ఇచ్చేశాం కదా అనుకుంటాడు. అదే డబ్బు డిపాజిట్‌గా తీసుకుని, పని మొదలయ్యే ముందు లిఫ్ట్‌కూ కారిడార్‌కూ నాలుగు ఫొటోలు, అయ్యాక మళ్లీ నాలుగు ఫొటోలు తీసి, నష్టం లేకపోతే ఆ సాయంత్రమే తిరిగి ఇచ్చేస్తే, ఆ డబ్బు కోసమైనా మేం దగ్గరుండి జాగ్రత్త పడతాం. చార్జీ వల్ల సంఘానికి కాస్త రాబడి ఉండొచ్చు. డిపాజిట్ వల్ల లిఫ్ట్ బాగుంటుంది. మీకు కావలసింది లిఫ్ట్ బాగుండటమే కదా.

ఆ రోజు మీ ఆవరణలోకి వచ్చేవాళ్లలో అందరికంటే ఎక్కువ కష్టపడేది హమాలీలు. నలుగురో ఐదుగురో ఉంటారు. ఇంటి సామానంతా వాళ్ల వీపుల మీదే ఎక్కుతుంది. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌ను తాళ్లతో భుజాలకు కట్టుకుని నాలుగో అంతస్తు దాకా మెట్ల మీద మోసినవాళ్లను చూశాను. చాలా చోట్ల వాళ్లకు లిఫ్ట్ ఎక్కే అనుమతి ఉండదు, మంచినీళ్లు పట్టుకోవడానికి కొళాయి చూపించరు, సెల్లార్‌లో డ్రైవర్ల కోసం కట్టిన టాయిలెట్‌కు తాళం వేసి ఉంటుంది. 'బయటి లేబర్' అన్న మాటతో ఇవన్నీ సమర్థించేస్తారు. నిబంధనల కాగితంలో ఒక వాక్యం చేర్చండి: సామాను దించేవారికి తాగునీరు, టాయిలెట్ సంఘం తరఫున ఏర్పాటు ఉంటుంది. దీనికయ్యే ఖర్చు దాదాపు శూన్యం. అలసిన చేతుల్లోంచే సామాను జారుతుంది, మీ టైల్స్ పగిలేది కూడా అప్పుడే.

బండి గురించి కూడా ముందే చెప్పాలి. రెండు బెడ్‌రూముల ఇంటి సామానుకు డీసీఎం మాట్లాడుకునేవాళ్లున్నారు, టాటా ఏస్‌లో రెండు మూడు విడతలుగా తెచ్చుకునేవాళ్లున్నారు. డీసీఎం మీ గేటులో పడుతుందా, వీధి మలుపు తిరుగుతుందా, కిందికి వేలాడే కరెంటు తీగలు అడ్డమా అనేది మీకు తెలుసు, మాకు తెలియదు. బండి వచ్చి గేటు ముందు ఆగాక వాచ్‌మన్ 'లోపలికి రాదు సార్' అంటే అప్పటికప్పుడు ట్రాలీ ఆటో వెతకాలి, సామాను రోడ్డు మీద దించి మళ్లీ ఎక్కించాలి. రెండు సార్లు దించితే విరిగేవీ రెండింతలవుతాయి. గేటు వెడల్పు, సెల్లార్ ఎత్తు, బండి ఎక్కడ ఆపాలి అన్న మూడు విషయాలు అనుమతి ఇచ్చే రోజునే చెప్పేయండి.

మరో కష్టం కూడా మీ గేటు ముందే జరుగుతుంది. తక్కువ రేటు చెప్పి సామాను ఎక్కించుకున్న ప్యాకర్స్ వాళ్లలో కొందరు, దించే ముందు ఇంకో పదివేలో ఇరవైవేలో ఇస్తేనే తలుపు తీస్తామని అడ్డం తిరుగుతారు. ఊరు కొత్త, చీకటి పడుతోంది, పిల్లలు ఆకలంటున్నారు. ఆ కుటుంబం ఇచ్చేస్తుంది. అలాంటప్పుడు సంఘం నుంచి ఒక్కరు వచ్చి పక్కన నిలబడితే వ్యవహారం మారిపోతుంది. రాతపూర్వకంగా ఇచ్చిన కొటేషన్ ఏది అని అడగండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబర్ మీ బోర్డు మీద రాసి ఉంచండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను ఉండే చోటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేసుకోవచ్చు, కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా ఫరవాలేదు. ఈ మాట పైకి అనగానే మెత్తబడేవాళ్లు ఉంటారు. ఇంతకుముందు మీ భవనంలో దిగినవాళ్లు ఎవరిని మాట్లాడుకున్నారు, పని ఎలా చేశారు అన్నది ఒక రిజిస్టర్‌లో రాయించి పెడితే తర్వాత వచ్చేవాళ్లు మోసపోరు.

పాలు పొంగించే విషయం చిన్నదే, కానీ మనసుకు సంబంధించింది. మంచి రోజు ఒకనాడు పడుతుంది, సామాను తెచ్చుకునే వీలు వారం తర్వాత దొరుకుతుంది. అందుకని ముందుగా ఒక గంట తాళం తీసుకుని, దేవుడి పటం, ఉప్పు, పసుపు, బియ్యం, కొత్త గిన్నె, చిన్న స్టవ్ పట్టుకుని వస్తారు. అద్దె మొదలు కాలేదని ఓనర్, అనుమతి కాగితం రాలేదని సంఘం ఆపేస్తే వయసు మళ్లిన తల్లి గేటు దగ్గర గిన్నె పట్టుకుని నిలబడాల్సి వస్తుంది. అంత అవసరమా? పాలగిన్నెతో వచ్చేవారికి షిఫ్టింగ్ అనుమతితో పని లేదు అని ఒక్క ముక్క వాచ్‌మన్‌కు చెబితే చాలు.

వచ్చేవాళ్ల గురించి ఇంతసేపు మాట్లాడాను. వెళ్లిపోయేవాళ్ల తలనొప్పి ఇంకా పెద్దది. ఖాళీ చేసే రోజున సంఘం నుంచి 'నో డ్యూస్' కాగితం లేకపోతే బండి గేటు దాటనివ్వరు. మెయింటెనెన్స్ బాకీ వసూలు చేసుకోవడం న్యాయమే. కానీ ఆ బాకీ ఎంతో ఆ రోజు పొద్దున, బండిలో సగం సామాను ఎక్కాక చెప్పడం న్యాయం కాదు. నెల ముందు ఖాళీ చేస్తున్నట్టు ఓనర్‌కు నోటీసు ఇచ్చినప్పుడే సంఘానికీ ఒక కాపీ ఇమ్మనండి. వారం ముందు లెక్క తేల్చి చేతికివ్వండి. ఓనర్ కట్టాల్సిన పాత బాకీలకు, కార్పస్ ఫండ్ గొడవలకు అద్దెదారు సామానును అడ్డం పెట్టుకోవద్దు.

ఇంకో విషయంలో మీరు మధ్యవర్తులుగా ఉండగలరు. హైదరాబాద్‌లో అద్దెకున్నవాళ్లను అడిగితే అడ్వాన్స్‌లోంచి పెయింటింగ్ కింద ఒక నెల అద్దె కోసుకోవడం గురించి చెబుతారు. రెండేళ్లున్నా అంతే, ఆరేళ్లున్నా అంతే. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ విషయంలో ఏం చెబుతోందో చూడండి. వేరే ఒప్పందం లేనప్పుడు గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగులు, అవసరమైతే ప్లంబింగ్ పైపులు, వైరింగ్ మార్పించడం ఇంటి యజమాని బాధ్యతల జాబితాలో ఉన్నాయి. కొళాయి వాషర్లు, స్విచ్చులు, తలుపు గొళ్లేలు, దోమతెరలు, పగిలిన కిటికీ అద్దాలు అద్దెదారు జాబితాలో ఉన్నాయి. నివాసానికిచ్చే ఇంటికి అడ్వాన్స్ రెండు నెలల అద్దెకు మించకూడదని, కోతలు పోను మిగిలింది ఇల్లు స్వాధీనం చేసుకునే రోజే తిరిగి ఇవ్వాలని కూడా అందులో ఉంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప ఎవరినీ కట్టడి చేయదు. కానీ ఆ రెండు జాబితాలనూ తెలుగులో రాసి మీ బోర్డు మీద పెట్టడానికి ఏ చట్టమూ అవసరం లేదు. ఓనర్లూ చదువుతారు, అద్దెదారులూ చదువుతారు, అడిగేవాళ్లకు ఒక ఆధారం ఉంటుంది.

ఇప్పుడు ఈ లేఖలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతికి వస్తాను. సామాను దిగడం ఒక్క పూటలో అయిపోతుంది. ఇంట్లో కుదురుకోవడానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో కొత్తవాళ్లు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం తెలియక చేసేవే. కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయని, వంటింట్లో ఒక పంపు మంజీరా నీళ్లది, మిగతావి బోరువని తెలియక తాగకూడని నీళ్లు తాగుతారు. జనరేటర్ బ్యాకప్ ఏ ప్లగ్గులకు ఉందో తెలియక కరెంటు పోయినప్పుడు గీజర్ వేసి మొత్తం ట్రిప్ చేస్తారు. తడి చెత్త, పొడి చెత్త ఎన్నింటికి బయట పెట్టాలో తెలియక కారిడార్‌లో సంచి వదిలేస్తారు. పక్క ఫ్లాట్ వారి పార్కింగ్‌లో బండి పెడతారు. నాలుగో రోజుకల్లా వాట్సాప్ గ్రూపులో 'కొత్తగా వచ్చినవారు దయచేసి గమనించండి' అని మెసేజ్ పడుతుంది. గమనించడానికి ఎవరైనా చెప్పి ఉంటే కదా!

ఒక్క పేజీ చాలు. తాళంచెవితో పాటు ఆ పేజీ చేతిలో పెట్టండి. ఏ పంపులో ఏ నీళ్లు, ఎప్పుడు వస్తాయి. ఫ్లాట్‌కు నీళ్లు ఆపే వాల్వ్ ఎక్కడుంది. కరెంటు మీటరు ఏది, దాని నంబర్ ఎంత, దిగిన రోజు రీడింగ్ ఎంత. జనరేటర్ దేనికి పనిచేస్తుంది. చెత్త బండి వేళ. పార్కింగ్ నంబర్. ప్లంబర్, ఎలక్ట్రీషియన్, లిఫ్ట్ కంపెనీ, దగ్గరి మందుల షాపు, రాత్రిళ్లు తెరిచి ఉండే ఆసుపత్రి ఫోన్ నంబర్లు. పాలు, పేపర్ వేసే అబ్బాయి నంబర్. లిఫ్ట్ ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి. మొదటి నెల మెయింటెనెన్స్ ఎంత, ఏ తారీకుకు, ఎవరికి. దీన్ని ఒకసారి టైపు చేయించి ఉంచితే సంవత్సరాల తరబడి పనికొస్తుంది.

ఆ పేజీ వెనకవైపు ఖాళీగా వదలకండి. అడ్రసు మారినవాడు చేయించుకోవాల్సిన పనులు అక్కడ వేయండి. గ్యాస్ కనెక్షన్ ఊళ్లోనే అయితే పాత డిస్ట్రిబ్యూటర్ ద్వారా కొత్త ఏజెన్సీకి మార్పించుకోవచ్చు, సిలిండర్ వెంట తెచ్చుకోవచ్చు. ఊరు మారితే సిలిండర్, రెగ్యులేటర్ అప్పగించి డిపాజిట్ వెనక్కి తీసుకుని, ట్రాన్స్‌ఫర్ కాగితంతో కొత్త చోట మళ్లీ తీసుకోవాలి. ఓటు మార్పించుకోవడానికి ఫారం 8. మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి ఆర్‌సీలో అడ్రసు మార్పుకు 30 రోజుల గడువు. ఆధార్, బ్యాంకు, బీమా పాలసీలు, పిల్లల బడి రికార్డులు.  ఇవన్నీ ఎవరికి వారు తెలుసుకోగలిగినవే. కానీ పెట్టెలు ఇంకా విప్పని ఇంట్లో అన్నీ ఒకచోట రాసి కనిపిస్తే ఎంత భారం తగ్గుతుందో ఇల్లు మారినవాళ్లను అడగండి.

మీరు మా దగ్గర తీసుకునే కాగితాల గురించి కూడా ఒక మాట. పోలీసుల దగ్గర అద్దెదారుల వివరాలు నమోదు చేయించడం మంచిదే, ఎవరూ అభ్యంతరం చెప్పరు. కానీ కుటుంబంలో అందరి ఆధార్ జిరాక్సులూ వాచ్‌మన్ టేబుల్ సొరుగులో పడి ఉండటం ప్రమాదం. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ సంస్థే ఇస్తోంది. అది తీసుకుంటే సరిపోతుంది. అలాగే ఏం తింటారు, ఏమిట్లు, పెళ్లయిందా, ఇంటికి ఎవరెవరు వస్తుంటారు అని అడిగే హక్కు సంఘానికి లేదు. అద్దె ఇవ్వాలా వద్దా అన్నది ఓనర్ తేల్చుకున్నాక గేటు దగ్గర మరో పరీక్ష పెట్టొద్దు. ఈ నగరానికి ఎక్కడెక్కడి నుంచో ఒంటరిగా వచ్చి ఉద్యోగాలు చేసుకుంటున్న ఆడపిల్లలు ఈ ప్రశ్నలతోనే ఎక్కువ విసిగిపోతున్నారు.

మా వైపు నుంచి చేయాల్సినవీ ఉన్నాయి. వాటిని రాయకపోతే ఈ లేఖ ఒంటి చేతి చప్పట్లే అవుతుంది. దిగే తేదీ కనీసం మూడు రోజుల ముందు సంఘానికి చెప్పాలి, చెప్పిన వేళకు రావాలి. బీరువాలు, ఫ్రిజ్‌లు ఖాళీ చేసి తేవాలి. వాషింగ్ మెషీన్ డ్రమ్ముకు బోల్టులు బిగించి తేవాలి. సామాను కారిడార్‌లో వదిలి రాత్రికి చూసుకుందాంలే అనకూడదు, మంటలు లేస్తే అందరూ పరుగెత్తాల్సిన దారి అదే. అట్టపెట్టెలు, థర్మాకోల్, బబుల్ ర్యాప్ మెట్ల కింద కుక్కకుండా ఒకేసారి బయటికి పంపాలి. హమాలీలకు ముందు ఒప్పుకున్న కూలి బేరం లేకుండా ఇవ్వాలి. పొరపాటున ఏదైనా పగిలితే వాచ్‌మన్ చూడలేదు కదా అని ఊరుకోకుండా మనమే చెప్పి బాగుచేయించాలి. అద్దెదారులందరికీ ఇది నా విన్నపం.

అధ్యక్షుల వారికి, కార్యదర్శుల వారికి చివరిగా కొన్ని అభ్యర్థనలు. రాబోయే సర్వసభ్య సమావేశంలో మీ షిఫ్టింగ్ నిబంధనల కాగితాన్ని ఎజెండాలో పెట్టండి. ఆదివారం పొద్దుటి పూటను వదిలిపెట్టండి. చార్జీని తిరిగి ఇచ్చే డిపాజిట్‌గా మార్చండి. హమాలీలకు నీళ్లు, టాయిలెట్ చూపించండి. ఖాళీ చేసేవారి లెక్క వారం ముందే తేల్చండి. వచ్చినవారి చేతిలో ఆ ఒక్క పేజీ పెట్టండి. ఆ సమావేశానికి అద్దెదారుల తరఫున ఇద్దర్ని పిలిచి మాట్లాడనివ్వండి. ఓటు హక్కు లేకపోయినా ఫరవాలేదు, నెలనెలా మెయింటెనెన్స్ కడుతున్నవాళ్లు వాళ్లే. మీలోనూ చాలామంది సొంత ఫ్లాట్ కొనుక్కోక ముందు టులెట్ బోర్డులు చూస్తూ తిరిగినవారే. అప్పట్లో ఏ భవనంలో మీకు మర్యాద దక్కిందో గుర్తుంటే, మీ భవనంలో అదే పద్ధతి పెట్టండి. అది చేయడానికి మీకు ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు, ఒక తీర్మానం చాలు.

ఇట్లు,
ఈ నగరంలో అద్దె ఇంట్లో ఉంటున్న మీ పొరుగువాడు